వార్త ఎవరి పక్షాన నిలబడిందో తెలుసుకోవడం ఎలా: తెలుగు పాఠకుడికి ఒక పద్ధతి

తెలుగునాట ఏ పత్రిక ఏ పార్టీకి దగ్గరో చెప్పడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. టీ కొట్టు దగ్గర పేపరు తిరగేసే మనిషి కూడా పచ్చ మీడియా, నీలి మీడియా, గులాబీ మీడియా అని రంగులు చెప్పేస్తాడు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ‘ఆ రెండు పత్రికలు’ అంటే చాలు, ఈనాడు, ఆంధ్రజ్యోతి అని పేర్లు విడిగా చెప్పనవసరం ఉండేది కాదు. అయితే రంగు తెలిసినంత మాత్రాన వార్త చదవడం వచ్చినట్టు కాదు. రంగు తెలిసిన పాఠకుడు సాధారణంగా తనకు నచ్చిన పత్రికను పూర్తిగా నమ్ముతాడు, లేదంటే ‘అందరూ అమ్ముడుపోయినవాళ్లే’ అని అన్నిటినీ ఒకే గాటన కట్టి పక్కన పెట్టేస్తాడు. అధికారంలో ఉన్నవారికీ, డబ్బున్నవారికీ ఈ రెండు అలవాట్లూ సౌకర్యంగానే ఉంటాయి.

ఈ వ్యాసంలో చెప్పే పద్ధతికి ఆధారం ఒక గమనిక. పార్టీ పక్షపాతం పైకి కనిపిస్తుంది, ఒక పత్రిక దాచినదాన్ని పోటీ పత్రిక బయట పెడుతుంది కాబట్టి ఓపిక ఉన్న పాఠకుడు దాన్ని చాలావరకు సరిచేసుకోగలడు. అన్ని పత్రికలకూ, అన్ని చానళ్లకూ ఉమ్మడిగా ప్రకటనలిచ్చే వ్యాపారాల విషయంలో మాత్రం పోటీ పత్రిక అనేదే ఉండదు. అక్కడ అందరూ కలిసి మౌనం పాటిస్తారు. అందువల్ల పార్టీ మొగ్గు కనిపెట్టడానికి కొంత శ్రమ చాలు, వ్యాపార మౌనాన్ని కనిపెట్టడానికి ఎక్కువ శ్రమ అవసరం. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు.

యజమానిని వెతకడం

ప్రతి దినపత్రికలోనూ, సాధారణంగా చివరి పేజీ అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: ఎవరి తరఫున, ఎవరు ముద్రించి, ఎక్కడి నుంచి ప్రచురించారో, సంపాదకుడు ఎవరో అందులో రాసి ఉంటుంది. చట్టం ప్రకారం అది ఉండి తీరాలి. మొదట ఆ కంపెనీ పేరు రాసుకోండి. చానల్ అయితే కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో అనుమతి పొందిన చానళ్ల జాబితా ఉంటుంది, దాంట్లో చానల్ పేరు పక్కనే కంపెనీ పేరు కనిపిస్తుంది. ఆ పేరుతో కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో వెతికితే డైరెక్టర్లు ఎవరో, కొద్దిపాటి రుసుము కడితే వాటాదారులు ఎవరో తెలుస్తుంది. యజమాని కుటుంబంలో ఎవరైనా ఎన్నికల్లో పోటీ చేసి ఉంటే, నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్‌లో వారి వాటాలు, అప్పులు, కేసులు వరుసగా ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో ఈ అఫిడవిట్లు మీడియా యాజమాన్యం గురించి ఇచ్చినంత సమాచారం ఇంకే పత్రమూ ఇవ్వదని నా అభిప్రాయం.

పేరు దొరికాక అడగవలసిన ప్రశ్న ‘ఈయన ఏ పార్టీ?’ అన్నది కాదు, ‘ఈయనకు పత్రిక కాకుండా ఇంకేం వ్యాపారాలు ఉన్నాయి, వాటికి ప్రభుత్వంతో ఏం పని?’ అన్నది. ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైంది. తెలుగుదేశం 1982 మార్చిలో పుట్టి 1983 జనవరిలో అధికారంలోకి వచ్చినప్పుడు ఆ పత్రిక ఇచ్చిన ఊతం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ దాని అధిపతి రామోజీరావుకు పత్రికతో పాటు చిట్‌ఫండ్, పచ్చళ్లు, హోటళ్లు, ఫిల్మ్‌సిటీ కూడా ఉండేవి. 2006లో ఆయనదే అయిన మార్గదర్శి ఫైనాన్షియర్స్ డిపాజిట్ల సేకరణపై అప్పటి కాంగ్రెస్ ఎంపీ ఉండవల్లి అరుణ్‌కుమార్ కేంద్రానికి ఫిర్యాదు చేసినప్పుడు, ఆ పత్రికకూ ప్రభుత్వానికీ మధ్య నడుస్తున్న పోరు వ్యాపార రంగంలోకి దిగింది. ఆ ఫిర్యాదులో న్యాయమెంత, ప్రతీకారమెంత అన్నది వేరే చర్చ. పత్రిక యజమాని చేతిలో ఇతర వ్యాపారాలు ఉంటే, ప్రభుత్వానికి పత్రికపై అవి పట్టు ఇస్తాయని పాఠకుడు గుర్తిస్తే చాలు.

సాక్షి 2008 మార్చి 23న మొదలైంది. దాని వెనుక ఉన్న జగతి పబ్లికేషన్స్‌లో పెట్టుబడులు పెట్టినవారిలో కొందరు, ప్రభుత్వం నుంచి పొందిన మేళ్లకు బదులుగానే ఎక్కువ ధరకు వాటాలు కొన్నారన్నది వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డిపై సీబీఐ మోపిన అభియోగాల్లో ముఖ్యమైనది. ఆయన దాన్ని తోసిపుచ్చారు, కేసులు కోర్టులో ఉన్నాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో, 2011 జూన్‌లో, నమస్తే తెలంగాణ వచ్చింది. దాని నిర్వహణ బాధ్యతలు చూసిన దివకొండ దామోదర్‌రావును 2022లో టీఆర్ఎస్ రాజ్యసభకు పంపింది. వీ6 చానల్, వెలుగు పత్రికల వెనుక ఉన్న వివేక్ వెంకటస్వామి కాంగ్రెస్, టీఆర్ఎస్, బీజేపీలలో తిరిగి 2023 నవంబరులో మళ్లీ కాంగ్రెస్‌కు వచ్చారు. యజమాని పార్టీ మారిన తేదీలను ఒక కాగితం మీద రాసుకొని, ఆ తేదీలకు ముందు నెల, తర్వాత నెల వార్తలు పక్కపక్కన పెట్టి చూడటం కన్నా మంచి అభ్యాసం మరొకటి లేదు. యాజమాన్యాల కులాన్ని బట్టి వార్తను అంచనా వేసేవారు మనలో చాలామంది ఉన్నారు. కులం పాత్ర లేదని ఎవరూ అనలేరు గానీ, ఒక వార్త ఎందుకు ఆగిందో చెప్పే విషయంలో కులం కన్నా కాంట్రాక్టులు, భూములు, బకాయిలే ఎక్కువసార్లు సరైన జవాబిస్తాయి.

వాటాలతో పాటు అప్పులను కూడా చూడాలి. ఎన్డీటీవీ ఉదంతం దీనికి తిరుగులేని పాఠం. ఆ సంస్థ వ్యవస్థాపకులైన రాయ్ దంపతుల హోల్డింగ్ కంపెనీ (వారి వాటాలను తన పేర ఉంచుకున్న కంపెనీ) 2009-10లో విశ్వప్రధాన్ అనే కంపెనీ నుంచి రూ.400 కోట్లకు పైగా అప్పు తీసుకుంది. ఆ అప్పును వాటాలుగా మార్చుకునే హక్కు అప్పిచ్చిన కంపెనీకి ఉంది. 2022 ఆగస్టులో అదానీ గ్రూపు ఆ అప్పిచ్చిన కంపెనీని కొనేసి, ఆ హక్కును వాడుకుంది. డిసెంబరు నాటికి చానల్ చేతులు మారింది. పదేళ్లకు పైగా ఆ హక్కు కాగితాల మీద పడి ఉంది, చూసినవారికి కనిపించింది. ఈటీవీ చానళ్లలో వాటాలు 2012లో నెట్‌వర్క్18 చేతికి, 2014లో నెట్‌వర్క్18 మొత్తం రిలయన్స్ ఆధీనంలోకి వెళ్లిన వరుస కూడా ఇలాగే మెట్లు మెట్లుగా జరిగింది. టీవీ9 యాజమాన్యం 2018లో అలంద మీడియాకు మారినప్పుడు దాని వెనుక ఉన్నవారు నిర్మాణ, మౌలిక వసతుల రంగాల వారు. చానల్ చూసేటప్పుడు ఆ రంగాల వార్తలపై ఒక కన్ను ఎక్కువ వేసి ఉంచాలని దాని అర్థం. అంతకుమించి, ప్రతి వార్తా అబద్ధమని కాదు.

డబ్బు ఏ దారిన వస్తుంది

తెలుగు దినపత్రిక అమ్మకం ధర దాని తయారీ ఖర్చుకు సరిపోదు. మిగతాది ప్రకటనల నుంచి రావాలి. ప్రకటనలు ఇచ్చే పెద్ద దాతల్లో ప్రభుత్వం ఒకటి: పథకం ప్రారంభమైన రోజున మొదటి పేజీ నిండా ముఖ్యమంత్రి బొమ్మతో వచ్చే ప్రకటన సమాచార, పౌర సంబంధాల శాఖ ద్వారా వస్తుంది, కేంద్రం ప్రకటనలు సెంట్రల్ బ్యూరో ఆఫ్ కమ్యూనికేషన్ ద్వారా వస్తాయి. ఒక ముఖ్యమైన పథకానికి ప్రకటన ఏ పత్రికకు వచ్చింది, ఏ పత్రికకు రాలేదు అన్నది ఒక్క వారం పాటు గమనించండి. సర్క్యులేషన్‌లో ముందున్న పత్రికకు ప్రకటన రాకుండా, చిన్న పత్రికకు వచ్చిందంటే అక్కడ కథ ఉంది.

ప్రభుత్వం డబ్బు ప్రకటన రూపంలోనే రానవసరం లేదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వలంటీర్లకు విస్తృత సర్క్యులేషన్ ఉన్న దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు రూ.200 చొప్పున మంజూరు చేసింది. ఉత్తర్వులో ఏ పత్రిక పేరూ లేదు. ముఖ్యమంత్రి కుటుంబ పత్రికకు లాభం చేకూర్చడానికే ఆ ఏర్పాటు అని ఈనాడు యాజమాన్యమైన ఉషోదయ కోర్టుకు వెళ్లింది, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కేసు విచారణను ఢిల్లీ హైకోర్టుకు మార్చింది. ఒక్కొక్కరికి రెండు వందలు చూస్తే చిన్న మొత్తమే. అప్పట్లో వలంటీర్ల సంఖ్య రెండున్నర లక్షలు దాటేదని గుర్తుంచుకొని లెక్క వేయండి, నెలకు ఎంతయ్యేదో తెలుస్తుంది. ఇలాంటి ఉత్తర్వులు చదివేటప్పుడు పేరు లేకపోవడాన్ని చూసి ఆగిపోకూడదు, షరతులు ఎవరికి అమరుతాయో చూడాలి.

పైన ఇంత జరుగుతుంటే కింద, మండల స్థాయిలో, సంగతి మరోలా ఉంటుంది. ఈ విషయం పట్టణ పాఠకులకు అంతగా తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. మండలంలో వార్త రాసే విలేకరికి చాలా సంస్థల్లో జీతం ఉండదు. అచ్చయిన వార్త పొడవును కొలిచి ‘లైన్ అకౌంట్’ పేరుతో ఇచ్చే సొమ్ము పెట్రోలుకు కూడా చాలదు. అదే మనిషికి సంవత్సరంలో ఇన్ని వేల రూపాయల ప్రకటనలు తేవాలని, ఇన్ని చందాలు కట్టించాలని టార్గెట్ ఉంటుంది. కొత్త సంవత్సరం, సంక్రాంతి, పత్రిక వార్షికోత్సవం, ఎమ్మెల్యే పుట్టినరోజు వచ్చాయంటే శుభాకాంక్షల ప్రకటన కోసం ఆయన ఎవరి దగ్గరకు వెళ్తాడు? సర్పంచి, ఎంపీపీ, ఇసుక కాంట్రాక్టరు, ప్రైవేటు బడి కరస్పాండెంటు, రైస్‌మిల్లు యజమాని. ఆ తర్వాతి వారం అదే బడి బస్సుకు ఫిట్‌నెస్ లేదని ఆర్టీఏ అధికారులు పట్టుకుంటే, ఆ వార్త ఎన్ని లైన్లలో రావాలో నిర్ణయించేది కూడా ఆయనే. ఆ మనిషిని తప్పుపట్టడం తేలిక. ఆయనను అక్కడ అలా నిలబెట్టింది యాజమాన్యం లెక్కల పుస్తకం.

మీ మండలంలో ఇది ఎలా నడుస్తుందో చూడాలంటే పండుగ రోజు జిల్లా పేజీల్లో శుభాకాంక్షల ప్రకటనలు ఇచ్చినవారి పేర్లు దాచుకోండి. తర్వాత ఆరు నెలల్లో ఆ పేర్లు వార్తల్లో ఎలా వస్తున్నాయో చూడండి: పేరుతోనా, ‘ఓ నాయకుడు’ అనా, అసలు రావడమే లేదా. ఫోన్‌లో ఫొటో తీసి ఒక ఫోల్డర్‌లో వేసుకుంటే చాలు.

ఎన్నికల కాలంలో ఈ ఏర్పాటు పూర్తి బేరంగా మారుతుంది. 2009 ఎన్నికల తర్వాత ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పరిశీలన చేసి చెల్లింపు వార్తల (డబ్బు తీసుకొని వార్తల్లా వేసేవాటి) సంగతి బయటపెట్టింది. పత్రికలపై ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ దీనిపై వేసిన ఉపసంఘంలో పాత్రికేయుడు పరంజయ్ గుహ ఠాకుర్తాతో పాటు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్‌రెడ్డి కూడా ఉన్నారు. 2010లో వారిచ్చిన నివేదికను కౌన్సిల్ మొదట పూర్తిగా బయటపెట్టలేదు, కుదించి విడుదల చేసింది. ఆ పత్రం చెప్పిన ఆనవాళ్లు ఇప్పటికీ పనికొస్తాయి. ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ గెలుపు ఖాయమని వేర్వేరు వార్తలు ఉండటం, ఒకే వార్త పదం మారకుండా రెండు మూడు పత్రికల్లో వేర్వేరు పేర్లతో రావడం, అభ్యర్థి గురించి ఒక్క విమర్శ కూడా లేకుండా ‘అడుగడుగునా జన నీరాజనం’ అంటూ సాగడం వంటివి కనిపిస్తే అది విలేకరి రాసిన వార్త కాదనుకోవచ్చు.

ఒక్క సంఘటన, మూడు పత్రికలు

రోజూ మూడు పత్రికలు చదవడం ఎవరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. నెలకు ఒక్కరోజు, రాష్ట్రమంతా మాట్లాడుకునే ఒక సంఘటన జరిగిన మర్నాడు, మూడు పత్రికలు కొని టేబుల్ మీద పరచండి. రాష్ట్ర బడ్జెట్ మర్నాడు ఇందుకు అన్నిటికన్నా మంచిది, ఎందుకంటే అంకెలు అందరికీ ఒకటే. 2023 సెప్టెంబరు 9న నంద్యాలలో చంద్రబాబునాయుడును సీఐడీ అరెస్టు చేసిన తర్వాతి రోజుల పాత సంచికలు దొరికితే వాటితోనూ ఈ అభ్యాసం చేయవచ్చు.

మొదట చదవకండి, కొలవండి. ఎన్ని పేజీలు, ఎన్ని ఫొటోలు, ఏ ఫొటోలో ఎవరి ముఖం కిందకు వంగి ఉంది, ఎవరి ముఖం నవ్వుతోంది. తర్వాత శీర్షికలు చూడండి. ‘అక్రమ అరెస్టు’ అన్న మాట ఒక పత్రికలో పార్టీ నాయకుల వ్యాఖ్యల్లో కొటేషన్ల మధ్య వస్తుంది, మరొక పత్రికలో కొటేషన్లు లేకుండా పత్రిక మాటగానే వస్తుంది. మరొకచోట అభియోగాన్ని అభియోగంగా కాక రుజువైన నేరంగా రాస్తారు. కొటేషన్ గుర్తులు ఎక్కడ మాయమయ్యాయో చూస్తే పత్రిక ఎక్కడ నిలబడిందో తెలిసిపోతుంది.

తర్వాత క్రియలు. ఒక నాయకుడు విలేకరుల సమావేశంలో మాట్లాడాడు. మనవాడైతే ‘వెల్లడించారు’, ‘కుండబద్దలు కొట్టారు’, ‘నిలదీశారు’. ఎదుటివాడైతే ‘ఆరోపించారు’, ‘అక్కసు వెళ్లగక్కారు’, ‘బుకాయించారు’. జరిగింది ఒకటే: ఒకాయన మైకు ముందు నాలుగు మాటలు అన్నాడు. ‘చెప్పారు’, ‘అన్నారు’ అన్న క్రియలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెడితే ఆ పత్రికలో విలేకరితనం ఎంత మిగిలి ఉందో అంచనాకు వస్తుంది. అంతకన్నా జాగ్రత్తగా చూడవలసినవి కర్త లేని వాక్యాలు. ‘తోపులాట జరిగింది’, ‘స్వల్ప ఉద్రిక్తత నెలకొంది’, ‘గుడిసెలు తొలగించబడ్డాయి’ అని ఉంటే, తోసింది ఎవరు, తొలగించమన్నది ఎవరు అని పక్కన పెన్సిల్‌తో రాయండి. జవాబు పక్క పత్రికలో దొరకవచ్చు.

చివరగా, ఆధారం లేని తోకలు. ‘అని సమాచారం’, ‘అని తెలుస్తోంది’, ‘పార్టీ వర్గాల్లో చర్చ జరుగుతోంది’, ‘గుసగుసలు వినిపిస్తున్నాయి’ అని ముగిసే వాక్యాలన్నిటినీ కొట్టేసి, మిగిలినదే చదవండి. పేరు చెప్పడానికి భయపడే అధికారి నుంచి నిజమైన సమాచారం రావచ్చు, కాదనను. కానీ అలాంటి వార్తలో కనీసం ఒక జీవో నంబరు, ఒక తేదీ, ఒక ఫైలు ఉంటుంది. తోక మాత్రమే ఉన్న కథనం ఎవరో ఎవరినో బెదిరించడానికి వేయించిందయ్యే అవకాశం ఎక్కువ.

వార్త ఏ పేజీలో వచ్చిందన్నదీ ముఖ్యమే. 1989లో ఈనాడు మొదలుపెట్టిన జిల్లా అనుబంధాల పద్ధతిని తర్వాత మిగతా పత్రికలూ అందుకున్నాయి. దాంతో ఊరి వార్తకు చోటు దొరికింది, అది గొప్ప మార్పు. అదే సమయంలో, ఒక జిల్లా భూకుంభకోణం ఆ జిల్లా పేజీ దాటకుండా ఉంచే వీలు కూడా దొరికింది. పత్రిక ‘మేం రాశాం’ అని చెప్పుకోగలదు, సచివాలయంలో మాత్రం ఆ వార్తను ఎవరూ చూడరు. కాబట్టి ఒక పెద్ద వార్త జిల్లా పేజీలోనే ఆగిపోతే దాన్ని కూడా మౌనం కిందే లెక్కించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పత్రికకు ప్రయోజనం ఉన్నంత మాత్రాన వార్త అబద్ధం కాదు. 1992లో నెల్లూరు జిల్లాలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమానికి ఈనాడు పేజీలకు పేజీలు ఇచ్చింది. ఆ మహిళల పోరాటం నిజం, వారి బాధ నిజం, అప్పుడు అధికారంలో ఉన్నది కాంగ్రెస్ అన్నదీ నిజమే. 1993లో కాంగ్రెస్ ప్రభుత్వం సారాపై, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మొత్తం మద్యంపై నిషేధం తెచ్చాయి. 1997లో తెలుగుదేశం ప్రభుత్వమే నిషేధాన్ని ఎత్తేసింది. ఉద్దేశాన్ని అనుమానించండి, విషయాన్ని విడిగా పరీక్షించండి. రెండిటినీ కలిపేసి ‘ఫలానా పత్రికలో వచ్చింది కాబట్టి అబద్ధం’ అనేవారి వల్ల అసలు బాధితులు నష్టపోతారు.

అందరూ కలిసి మానేసిన వార్త

ఇప్పుడు కష్టమైన భాగం. ఇంటర్ ఫలితాలు, జేఈఈ ర్యాంకులు వచ్చిన మర్నాడు ఏ రంగు పత్రికైనా మొదటి పేజీ కనిపించదు. ర్యాంకర్ల ఫొటోలతో నిండిన కార్పొరేట్ కళాశాల జాకెట్ ప్రకటన తీస్తేగాని అసలు పేజీ రాదు. అదే కళాశాల హాస్టల్‌లో ఒక విద్యార్థి ఆత్మహత్య చేసుకుంటే వార్త ‘నగరంలోని ఓ ప్రైవేటు కళాశాలలో’ అని వస్తుంది. విద్యార్థి పేరు, సొంత ఊరు, తల్లిదండ్రుల పేర్లు, వారి రోదన ఫొటో అన్నీ ఉంటాయి, కళాశాల పేరు ఉండదు. నిజానికి దాచవలసింది ఆ కుటుంబం వివరాలు, చెప్పవలసింది సంస్థ పేరు. ‘ఓ ప్రముఖ ఆసుపత్రిలో వైద్యం వికటించి’, ‘ఓ రియల్ ఎస్టేట్ సంస్థ ప్రీలాంచ్ పేరుతో’ అన్న వాక్యాలూ ఈ కోవలోవే. ‘ఓ’ అన్న ఆ ఒక్క అక్షరం కనిపించిన ప్రతిచోటా ఆగండి. సంస్థ చిన్నదైతే పేరు పెట్టి రాస్తారు. పేరు దాచారంటే దానికి ప్రకటనల బడ్జెట్ ఉందనుకోవచ్చు.

మౌనాన్ని పత్రికలతో పత్రికలను పోల్చి పట్టుకోలేం. కాగితాలతో పోల్చాలి. రియల్ ఎస్టేట్ విషయంలో ఇది చాలా తేలిక: 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ప్రాజెక్టు ప్రకటనలో రెరా నమోదు సంఖ్య, వెబ్‌సైట్ చిరునామా ఉండాలి. ఆదివారం వచ్చిన పూర్తి పేజీ ప్రకటనలో ఆ సంఖ్య ఉందా అని చూసి, ఉంటే తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ రెరా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. లేకపోతే, ఆ ప్రకటన వేసిన పత్రిక ఆ విషయం వార్తగా రాస్తుందని ఎదురుచూడకండి. స్థిరాస్తి అనుబంధంలో ‘పెట్టుబడికి స్వర్గధామం’ అంటూ ఒక ప్రాంతం గురించి వ్యాసం వస్తే, కింది సగంలో అదే ప్రాంతం వెంచర్ ప్రకటన ఉందేమో చూడండి. వ్యాసం మూలలో కనీకనిపించకుండా ‘అడ్వర్టోరియల్’ అని ఉంటే అది డబ్బు తీసుకొని వేసిందని అర్థం.

పెద్ద కాంట్రాక్టుల విషయంలో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు, శాసనసభలో ఇచ్చిన లిఖిత సమాధానాలు, హైకోర్టు తీర్పులు అందరికీ అందుబాటులో ఉంటాయి. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగినప్పుడు నెలల తరబడి వార్తలు వచ్చాయి. వాటిలో ఏ పార్టీ పేరు ఎన్నిసార్లు వచ్చింది, నిర్మాణ సంస్థ ఎల్ అండ్ టీ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క వేస్తే, రాజకీయ నాయకుడిని తిట్టడం ఎంత తేలికో, కంపెనీ పేరు రాయడం ఎంత బరువో తెలుస్తుంది. 2024 మార్చి 14న పార్టీలకు విరాళాలివ్వడానికి కొన్న ఎలక్టోరల్ బాండ్ల వివరాలను ఎన్నికల సంఘం బయటపెట్టినప్పుడు, కొన్నవారిలో రెండో స్థానం హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్‌ది, రూ.966 కోట్లు. తెలుగువారికి ఇంతకన్నా దగ్గరి వార్త ఉండదు. మీరు చదివే పత్రికలో, చూసే చానల్‌లో ఆ కంపెనీ పేరు శీర్షికలో వచ్చిందా, ఎన్ని రోజులు కొనసాగింది అన్నది పాత సంచికలు తీసి చూడండి. జాబితా ఇప్పటికీ అందుబాటులోనే ఉంది.

ప్రభుత్వం మారినప్పుడు

డబ్బుతో పాటు భయం కూడా వార్తను మలుస్తుంది. భయం గుర్తులు ప్రభుత్వం మారిన మొదటి నెలల్లో బాగా కనిపిస్తాయి. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్లు కేబుల్‌లో ఆగిపోయాయి. పదేళ్ల తర్వాత, 2024 జూన్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే టీవీ9, సాక్షి వంటి చానళ్లు కేబుల్ ఆపరేటర్ల దగ్గర ఆగిపోయాయి, ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. రెండు సందర్భాల్లోనూ ప్రభుత్వం ‘మాకేం సంబంధం’ అంది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన 2430 నంబరు జీవో, నిరాధార వార్తలు రాశారంటూ మీడియాపై కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. 2021 మేలో టీవీ5, ఏబీఎన్‌లపై రాజద్రోహం కేసు పెట్టారు, సుప్రీంకోర్టు కఠిన చర్యలు తీసుకోకుండా ఆపింది. 2025 జూన్‌లో మరో ప్రభుత్వం హయాంలో, చర్చలో పాల్గొన్న విశ్లేషకుడి మాటలకు గాను సాక్షి టీవీ వ్యాఖ్యాత కొమ్మినేని శ్రీనివాసరావును అరెస్టు చేశారు, ఆయనకూ సుప్రీంకోర్టే బెయిల్ ఇచ్చింది. ఈ సంఘటనల్లో మీకు ఏవి పత్రికా స్వేచ్ఛపై దాడిగా తోచాయి, ఏవి ‘తగిన శాస్తి’గా తోచాయి అని ఒకసారి నిజాయితీగా చూసుకుంటే, మీ మొగ్గు కూడా లెక్కలోకి వస్తుంది.

భయం పక్కనే బహుమతి. సాక్షిలో ఎడిటోరియల్ డైరెక్టర్‌గా పనిచేసిన సజ్జల రామకృష్ణారెడ్డి 2019లో ప్రభుత్వ సలహాదారు అయ్యారు. నమస్తే తెలంగాణ సంపాదకుల్లో అల్లం నారాయణ ప్రెస్ అకాడమీ చైర్మన్, కట్టా శేఖర్‌రెడ్డి సమాచార హక్కు కమిషనర్ అయ్యారు. టీవీ5 అధిపతి బి.ఆర్. నాయుడు 2024లో తిరుమల తిరుపతి దేవస్థానం పాలక మండలి చైర్మన్ అయ్యారు. ఇవేవీ చట్టవిరుద్ధం కావు, వారిలో అర్హులు లేరనీ కాదు. అయినా నియామకం జరిగిన రోజు ఆ పేర్లు రాసుకొని ఉంచితే, గత ఐదేళ్ల సంపాదకీయాలు వేరే వెలుగులో కనిపిస్తాయి. విలేకరుల ఇళ్ల స్థలాల సంగతీ అంతే. హైదరాబాద్ నగరంలో ఎంపీలు, ఎమ్మెల్యేలు, అధికారులు, న్యాయమూర్తులతో పాటు జర్నలిస్టుల సంఘాలకు కూడా ప్రత్యేక వర్గంగా భూమి కేటాయించిన విధానాన్ని 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు కొట్టేసింది. రెండు దశాబ్దాల పాటు ప్రభుత్వం చేతిలోని స్థలం కోసం ఎదురుచూసిన వృత్తి అది.

మీరు అడగగలిగినవి

ఒక దినపత్రిక మీపైనో, మీ ఊరిపైనో తప్పు రాస్తే మొదట సంపాదకుడికి రాతపూర్వకంగా తెలియజేయాలి. జవాబు సరిపోకపోతే ప్రచురణ తేదీ నుంచి రెండు నెలల్లోగా ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కౌన్సిల్ మందలించగలదు, శిక్షించే అధికారం దానికి లేదు. టీవీ చానళ్లు దాని పరిధిలోకి రావు.

అంతకన్నా పనికొచ్చేది సమాచార హక్కు దరఖాస్తు. మీ రాష్ట్ర సమాచార, పౌర సంబంధాల శాఖ కమిషనర్ కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారికి రాయండి. ‘మీడియాకు ఎంత ఇచ్చారు?’ అని అడిగితే ఒక మొత్తం అంకె వస్తుంది, దానితో ఏమీ తేలదు. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ శాఖ విడుదల చేసిన ప్రతి ప్రకటనకు సంబంధించి, పత్రిక లేదా చానల్ పేరు, ప్రచురించిన తేదీ, స్థలం లేదా నిడివి, చదరపు సెంటీమీటరుకు లేదా పది సెకన్లకు చెల్లించిన రేటు, చెల్లించిన మొత్తం, ఇంకా చెల్లించని బకాయి ఇవ్వగలరు’ అని అడగండి. బకాయి అడగడం మరిచిపోవద్దు, ఎందుకంటే ప్రభుత్వం ఇచ్చిన డబ్బు కన్నా ఇవ్వకుండా ఆపిన డబ్బు పత్రికను ఎక్కువగా వంచుతుంది. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత ముప్పై రోజుల్లోగా అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి రాయాలి. జవాబు వచ్చాక దాన్ని తేదీల వారీగా పేర్చి, అదే తేదీల్లో ఆయా పత్రికల ఈ-పేపర్ మొదటి పేజీలు పక్కన తెరిచి పెట్టుకోండి.